మా ఇంట్లో దాని పేరు గ్యాస్

చివరి రోజులు సొంతూర్లో గడపడానికి వస్తున్న మనిషి బస్సు అలా దిగుతుందని మేమెవరం అనుకోలేదు.

వనపర్తి బస్టాండు దగ్గర పొద్దున్నే బొంబాయి బస్సు ఆగింది. నల్ల కళ్ళద్దాలు, తలకు చుట్టుకున్న మఫ్లరు, ఒక చేయి కోడలి భుజం మీద. రెండో చెయ్యి మాత్రం డ్రైవరు మొహం ముందు గాలిలో ఆడుతోంది. దారంతా ఏసీ తగ్గించమంటే తగ్గించలేదట. హిందీలో మొదలుపెట్టి, మరాఠీలోకి దిగి, కోపం ముదిరేసరికి అచ్చమైన పాలమూరు తిట్లకు వచ్చింది మా చిన్నమ్మ. అన్నీ విని ఆ డ్రైవరు నవ్వుతూ ఆమె సంచులు మోసుకొచ్చి ఆటోలో పెట్టి, కాళ్ళకు దండం పెట్టి వెళ్ళాడు.

ఏడవడానికి సిద్ధపడి వచ్చిన మా అమ్మకు ఆ సందు దొరకలేదు.

చిన్నమ్మ అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్ళైన కొత్తలోనే మొగుడితో కలిసి మేస్త్రీ వెంట బొంబాయి పోయి, కట్టే బిల్డింగుల మీదికి ఇటుకలు మోసింది. మొగుడు పోయాక ఇళ్ళలో పని చేసి కొడుకును పెంచింది. ఆ తమ్ముడు ఇప్పుడు అక్కడే టైల్సు వేసే పని చేస్తున్నాడు. తాముండే గల్లీలోనే ఒక మరాఠీ అమ్మాయిని చేసుకున్నాడు. పెళ్ళిళ్ళకో జాతరలకో తప్ప చిన్నమ్మ ఇటు వచ్చేది కాదు. వచ్చినా నాలుగు రోజులకే "ఈడ కాలుచెయ్యి ఆడుతలేదు" అని వెళ్ళిపోయేది.

ఈసారి తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. కడుపులో మొదలైన క్యాన్సరు కాలేయానికి పాకిందట. ఇక మందులకు తగ్గేది కాదు, నొప్పి తెలియకుండా చూసుకోండి అన్నారట అక్కడి డాక్టర్లు. "మా అక్క దగ్గరికి పోత" అందట చిన్నమ్మ. తమ్ముడికి పని మధ్యలో ఉంది కాబట్టి ముందు భార్యను తోడిచ్చి పంపాడు.

నేను నాగర్‌కర్నూలులో టీచరును. సెలవు పెట్టి ముందురోజే వనపర్తి వచ్చేసరికి అమ్మ ఇంటికొచ్చిన చుట్టాలందరికీ పాఠం చెబుతోంది. మా నాన్న చనిపోయాక అమ్మ మాటే ఆ ఇంట్లో చట్టం.

"దాని ముందల ఎవ్వరు ఆ రోగం పేరు తియ్యొద్దు. అడిగితే గ్యాస్ అనుర్రి. కడుపుల గ్యాస్, అంతే. తెలిస్తే అది బెదిరి ఆ భయానికే పోతది."

"చదువుకున్నోళ్ళం అమ్మా, గట్ల అబద్ధం చెప్తామా?" అన్నాను.

"చదువుకున్నవ్ గనకనే చెప్తున్న. నీ మొకం మీద అన్నీ కనపడ్తయ్. జర నవ్వుకుంట ఉండు."

సరే, నవ్వుతూ ఉన్నాను. చిన్నమ్మ వచ్చిన రోజు ఇంట్లో అందరం అంత వెడల్పుగా నవ్వుతుంటే పక్కింటామె వచ్చి ఎవరికైనా సంబంధం కుదిరిందా అని అడిగింది.

తమ్ముడి భార్య అత్తను ఆయీ అంటుంది, మరాఠీలో అమ్మ అని. నన్ను తాయీ అంటుంది, అక్క అని. మా అమ్మను మావ్‌శీ అంటుంది. పెద్దమ్మ అని పిలవడానికేమైంది, ఈ మావ్‌శీ ఏంది అని అమ్మ మొదట్లో సణిగేది. ఆ పిల్ల తెలుగు మాత్రం మా అందరినీ ఆశ్చర్యపరిచింది. మొత్తం అత్త దగ్గర నేర్చుకున్నదే. అంటే చిన్నమ్మ కొత్త పెళ్ళికూతురుగా ఊరు దాటినప్పుడు మూటగట్టుకుపోయిన తెలుగు. మేము బడులూ టీవీలూ వచ్చి మరిచిపోయిన మాటలు మరాఠీ యాసలో ఆమె నోట వింటుంటే, మా అమ్మమ్మే బొంబాయిలో మళ్ళీ పుట్టి వచ్చిందేమో అనిపించేది.

వంటింట్లో ఇద్దరం జొన్నపిండి కలుపుతున్నాం. తను చేసేది భాకరీ అంటుంది, నేను చేసేది రొట్టె అంటాను. రెండూ పెనం మీద పడ్డాక ఏది ఎవరిదో మాకే తెలియలేదు. అప్పుడు తలుపు వైపు చూసి గొంతు తగ్గించి అంది.

"తాయీ, ఒకటి చెప్పాలె. ఆయీకి అంత తెల్సు."

"ఏం తెలుసు?"

"బీమారి సంగతి. డాక్టరు ఆమె మొకం మీదనే చెప్పిండు. ఎన్ని దినాలు అని కూడ ఆమెనే అడిగింది. కాగితం మీద సంతకం ఆమెనే పెట్టింది. మా దగ్గర గట్లనే చేస్తరు."

నా చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది.

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టు పెట్టిచ్చుకున్నది. అక్కకు తెలిస్తే గుండె పలుగుతది, గ్యాస్ అని చెప్పు అన్నది."

ఎవరికి వారే, బొంబాయిలో ఒకరు, వనపర్తిలో ఒకరు, ఒకే అబద్ధం వెతుక్కున్నారన్నమాట. నాకు నవ్వు ఆగలేదు. తనూ నవ్వింది. పిండి చేతులతోనే ఒకరి నోరు ఒకరం మూసుకున్నాం. నవ్వకూడదని తెలిసిన కొద్దీ పొట్ట పట్టుకుని నవ్వాం. అటుగా వచ్చిన అమ్మ మా మూతుల నిండా పిండి చూసి, "ఏమైందే మీకు?" అంది. "గ్యాస్" అన్నాను నేను. కోడలు పీట మీద నుంచి కింద కూలబడింది.

కానీ ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ప్రభుత్వ దవాఖాన నుంచి ఒక నర్సమ్మ ఇళ్ళకు వచ్చి ఇలాంటి రోగులను చూసుకుంటుందని తెలిసి పిలిపించాం. ఆమె చిన్నమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని, "అమ్మా, మీకు ఏమైందో మీకు తెలుసా?" అని నెమ్మదిగా అడిగింది. నర్సమ్మ వెనకాల నిలబడ్డ అమ్మ కళ్ళు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపింది. చిన్నమ్మ ముందు అమ్మను చూసింది, తర్వాత నర్సమ్మను చూసింది.

"గ్యాస్" అంది.

"అవ్, గ్యాసే మేడం" అంది అమ్మ.

మంచం కాళ్ళ దగ్గర కోడలూ, గుమ్మంలో నేనూ పైకప్పు చూస్తూ నిలబడ్డాం. నర్సమ్మకు మా ఇంటి సంగతి అర్థమైనట్టే ఉంది, లేచి సంచీ సర్దుకుంది. బయటికి వచ్చాక మాత్రం మార్ఫిన్ మాత్రలు కోడలి చేతికిచ్చి, నొప్పి వచ్చాక కాదు, రాకముందే వేళకు వేయాలని గట్టిగా చెప్పింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. అక్క ఎదురుగా అంత పెద్ద మందు వేసుకుంటే గ్యాస్‌కు ఇదేం మందని అడుగుతుందని చిన్నమ్మ భయం. అక్క ఏమో ఆమెను వదిలి పక్కకు పోదు. ఆ మాత్రలు చూస్తే చెల్లెలికి అనుమానం వస్తుందని అమ్మ భయం. పైగా ఎవరో అది మత్తుమందు, అలవాటైతే మానలేరు అని చెప్పారు. కోడలు నీళ్ళ గ్లాసూ మాత్రా పట్టుకుని వచ్చినప్పుడల్లా అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి "తర్వాత ఏసుకుంటది", "తర్వాత ఏసుకుంట" అనేవారు. ఆ 'తర్వాత' ఎప్పటికీ వచ్చేది కాదు. చిన్నమ్మ దిండు అంచు పిడికిట పట్టుకుని నవ్వుతూ కూర్చునేది. అమ్మ చూడనట్టు తల తిప్పుకుని నవ్వుతూ కూర్చునేది.

ఒక మధ్యాహ్నం ఆ నవ్వు పనిచేయలేదు. నొప్పి ఎక్కువై చిన్నమ్మ మంచం మీద మెలికలు తిరిగింది. అమ్మ నెత్తి మీద చేయి వేసి, "గ్యాస్ చెల్లే, గ్యాసే, తగ్గుతది" అంటోంది. కోడలు ఇక ఓర్చుకోలేకపోయింది. గది మధ్యలో నిలబడి ఆ మా అమ్మమ్మ నాటి తెలుగులో అరిచింది.

"గ్యాస్ లేదు ఏం లేదు! మావ్‌శీ, ఆయీకి తెల్సు. ఆయీ, మావ్‌శీకి తెల్సు. ఇద్దరికి తెల్సు. ఇంక గోలి ఏసుకో!"

చిన్నమ్మ మాత్ర మింగి, పళ్ళు బిగపట్టి కళ్ళు మూసుకుంది. అమ్మ మంచం పట్టెకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. మందు పనిచేయడానికి పట్టినంతసేపూ అమ్మ చెల్లెలి చేయి వదల్లేదు. మెల్లగా చిన్నమ్మ మొహం తేటపడింది. కళ్ళు తెరిచి అక్కను చూసింది.

"నీకెప్పుడు తెల్సే?"

"నువ్వు రాకముందే. నీకు?"

"నీకంటే ముందు. కడుపు నాది గద."

"మరి గ్యాస్ అని ఎందుకన్నవే?"

"నువ్వెందుకన్నవ్?"

ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. అమ్మ అంతలా నవ్వడం నేను పుట్టాక చూడలేదు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, కొంగు నోట్లో కుక్కుకుంటోంది, మళ్ళీ "గ్యాస్" అని తనే అని మళ్ళీ నవ్వుతోంది. "నవ్విపియ్యకే, నొస్తున్నది" అంటూనే చిన్నమ్మ నవ్వింది. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు కూడా, కాసేపు. కానీ అది నవ్వు లోపల నుంచి వచ్చిన ఏడుపు. చివరికి అమ్మకు మందు సంగతి గుర్తొచ్చింది.

"అది అలవాటైతదంటరు గదనే?"

"కానియ్యి అక్కా. ఇంకెన్నేండ్లు తింటనని?"

ఆ రోజు నుంచి మా ఇల్లు మారిపోయింది. మాత్ర వేళకు పడుతుంటే చిన్నమ్మ లేచి కూర్చుంది, గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది, కోడలిచేత వడాపావ్ చేయించి మా గల్లీలో పంచింది. ఖిల్లా ఘణపూర్ నుంచి దూరపు మేనత్త ఒకామె ఏడవడానికని తయారై వచ్చి వాకిట్లోనే రాగం ఎత్తుకుంటే, "జర ఆగక్కా, నేనింక పోలే. చేతులు కాళీగున్నయ్ గద, ఈ ఎల్లిపాయలు వలువు" అని గిన్నె ముందు పెట్టింది. ఆమె కళ్ళు తుడుచుకుంటూ గిన్నెడు వెల్లుల్లి ఒలిచి, వడాపావ్ తిని, చట్నీ ఎలా చేయాలో రాయించుకుని వెళ్ళింది.

అలాంటి ఒక ఉదయమే చిన్నమ్మ తన కోరిక బయటపెట్టింది. ఆడమనిషి పోతే పుట్టింటి వాళ్ళు చీర తెచ్చి కప్పడం మా వైపు ఆనవాయితీ. అన్నదమ్ములు లేరు కాబట్టి ఆ చీర తేవాల్సింది అమ్మే.

"అక్కా, నా చీర నువ్వే తెస్తవు గద?"

"ఏం మాటలే అవి, పొద్దున్నే!"

"తెస్తవు. ఏదో మబ్బురంగుది తెస్తవు. నాకు తెల్వదా నీ సంగతి. సచ్చినంక నాకేం కనపడ్తది? ఇప్పుడే తేపో. రంగు నేను చూస్కుంట. బతికుండంగనే కట్టుకుంట."

అమ్మ చెవులు మూసుకుంది. అపశకునం అంది. కోడలు మాత్రం ఇందులో వింత ఏముందన్నట్టు, "ఏ చీర కావాలె ఆయీ?" అని అడిగింది.

"గద్వాల చీర."

దాని వెనక ఒక కథ ఉంది. బొంబాయిలో ఆమె పనిచేసిన ఒక ఇంట్లో మేడమ్ గద్వాల చీర కట్టుకుంటే, ఇది మా దిక్కు చీర అని చిన్నమ్మ గొప్పగా చెప్పిందట. మేడమ్ నమ్మలేదు. మీ దిక్కుదైతే నీకెందుకు లేదు అందట. గద్వాలకు పక్కనే పుట్టిన చిన్నమ్మ ఆ చీర ఒక్కసారీ కట్టుకోలేదు, నిజమే.

తమ్ముడు కూడా పని ముగించుకుని అప్పటికి వచ్చేశాడు. నర్సమ్మను అడిగితే, మాత్రలు వెంట ఉంచుకుని, కారులో పడుకోబెట్టి తీసుకెళ్ళండి అంది. అందరం ఎక్కాం. అమ్మ రానంది. కారు కదిలే ముందు వచ్చి ముందు సీట్లో కూర్చుంది. పెబ్బేరు దాటి బీచుపల్లి వంతెన మీద కృష్ణ రాగానే చిన్నమ్మ అద్దం దించమని మొహం బయటపెట్టింది. ఇటిక్యాల వైపు పత్తి చేలు తెల్లగా విచ్చి ఉన్నాయి. ఎర్రవల్లి దగ్గర మిరపకాయ బజ్జీలు కావాలంది. ఒకటి కొరికి, చాలు అని మిగతావి మాకిచ్చింది. మేము తింటుంటే మా నోళ్ళ వైపే చూస్తూ, "కారమున్నదా? మంచిగున్నదా?" అని అడుగుతూ కూర్చుంది.

గద్వాలలో దుకాణదారు పరుపు మీద తెల్ల దుప్పటి సర్ది, "ఎవరికమ్మా?" అన్నాడు.

"నాకే."

"ఏం కార్యం?"

అమ్మ నేల చూపులు చూసింది. తమ్ముడు గోడ చూపులు చూశాడు.

"నన్ను సాగనంపుతున్నరు" అంది చిన్నమ్మ.

"అట్లనా! యాడికి? బొంబాయికా?"

"ఇంక జర ముందుకు."

దుబాయి అనుకున్నాడేమో, సంతోషంగా తల ఊపి వయసుకు తగ్గవని తేనె రంగువీ బూడిద రంగువీ పరిచాడు. "గివి ముసలోళ్ళయి" అని చిన్నమ్మ పక్కకు నెట్టింది. చిలకపచ్చ ఒంటికి రాణీ రంగు అంచున్నది తీయించింది. అంతవరకు మూతి బిగించుకుని కూర్చున్న అమ్మ ఒక్కసారిగా ముందుకు జరిగింది.

"గంత సన్నం అంచా? మా చెల్లెకు? పెద్దంచు తియ్యి. కొంగుకు జరీ ఉన్నది తియ్యి."

ఇక అమ్మను ఆపడం ఎవరి తరం కాలేదు. చీర మీద చీర విప్పించింది. పోగులు ఎంచింది. అంచు రంగు పోతుందేమోనని తడి వేలితో రుద్దింది. చివరికి ఇద్దరికీ నచ్చినది దొరికాక, కోడలు అక్కడే చిన్నమ్మ కట్టుకున్న బట్టల మీదనే దాన్ని మరాఠీ పద్ధతిలో గోచీ పోసి చుట్టింది. చీరలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళంతా మూగారు. బక్కచిక్కిన ఒంటి మీద ఆ పచ్చా గులాబీ భగ్గుమంటుంటే, చిన్నమ్మ నడుం మీద చేయి వేసి నిలబడింది. బొంబాయి గల్లీలోని ఆడవాళ్ళకు వీడియో కాల్ కలిపారు. అటు వైపు నుంచి ఈలలు. "ఆ మేడమ్‌కు ఫొటో పంపుర్రి" అని అరిచింది చిన్నమ్మ. దుకాణదారు అందరికీ టీ తెప్పించాడు. ఎక్కడికి ప్రయాణమో అతనికి ఎవరం చెప్పలేదు.

తర్వాత చాలా రోజులు ఆ చీర కట్టుకుంది. దాని మీద టీ ఒలకబోసుకుంది, దాన్నే కట్టుకుని వాకిట్లో ఎండకు కూర్చుంది. బరువనిపించడం మొదలయ్యాక మడత పెట్టించి కోడలి చేతిలో పెట్టింది. "దీన్ని నా మీద కప్పి కాలపెడ్తే దయ్యమై వస్త. నువ్వు కట్టుకో. అక్కా, నువ్వు ఆ మబ్బురంగుదే తేపో" అంది. అమ్మ సరే అంది.

చివరి వారంలో తినడం మానేసింది. అమ్మకు అదొక్కటే మింగుడు పడలేదు. గంజి గిన్నె పట్టుకుని, ఒక్క బుక్క, ఒక్క బుక్క అని బతిమాలేది. చిన్నమ్మ అక్క కోసం నోట్లో పెట్టుకుని మింగలేక ఉక్కిరిబిక్కిరయ్యేది. కోడలు వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"మావ్‌శీ, ఇప్పుడు ఆమె కడుపు వద్దంటున్నది. పెట్టకపోతే పాపం గాదు. అక్కడ నర్సులు నాకు చెప్పిన్రు. పెదవులు తడుపుదాం, సాలు."

అమ్మ గిన్నె వైపు చాలాసేపు చూసింది. ఆకలితో ఎవరినీ పంపకూడదనేది ఆమె బతుకంతా నమ్మిన మాట. గిన్నె కింద పెట్టి, దూది తడిపి, చెల్లెలి పెదవులు తుడిచింది. "మంచిగున్నదా?" అని అడిగింది. చిన్నమ్మ తల ఊపింది. ఆ తర్వాత ఆ పని అమ్మ ఎవరికీ ఇవ్వలేదు.

ఒక పగటి పూట, అమ్మ ఏదో పాత సంగతి చెబుతుండగా, మధ్యలోనే చిన్నమ్మ వెళ్ళిపోయింది. నొప్పి పడలేదు. తమ్ముడు డప్పులు పెట్టించాడు. మా బంధువులతో పాటు మా కోడలూ డప్పు ముందు అడుగేసింది. మా అడుగు ఆమెకు రాదు, తన ఊరి గణపతి ఊరేగింపు అడుగు వేసింది. డప్పు కొట్టేవాళ్ళు ఒక క్షణం చూసి దరువు ఆమె అడుగుకు మార్చారు. ఏడుస్తూనే అందరం ఆ వింత దరువుకు నడిచాం.

కర్మలన్నీ అయ్యాక తమ్ముడూ కోడలూ బొంబాయికి బయల్దేరారు. బస్టాండులో కోడలు అమ్మ చేయి పట్టుకుని, "మావ్‌శీ, ఆయీ ఉన్న రూం చూడవా?" అంది. పాలమూరు దాటి ఎరగని మా అమ్మ, ఇంటి తాళం నా చేతిలో పెట్టి, కట్టుబట్టలతో బస్సెక్కింది.

మూడో రోజు ఫోన్ వచ్చింది. వెనకాల ఆడవాళ్ళ గోల, కుక్కర్ విజిల్, ఎవరిదో నవ్వు.

"ఏమమ్మా, ఎట్లుంది? ఎప్పుడొస్తవ్?"

"జర ఆగే. ఈడ అందరు నన్ను మావ్‌శీ మావ్‌శీ అని పరేషాన్ చేస్తున్నరు. రేపు ఈడి లోకల్ రైల్ల ఊరంత తిప్పనీకి తీస్కపోతరంట. తలుపు కాడ నిలబడాల్నంట, గాలి మస్తొస్తదంట. నువ్వు అక్కడ కుండీలకు నీళ్ళు పొయ్యి. నేను ఇంకొన్ని దినాలుంట."